నెమరేసే పొద్దు

చెంబెడు పసుపునీళ్ళు నెత్తిన పడేసరికి భవాని ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

ముక్కులోకి నీళ్ళు పోయాయి. జుట్టుకు వేపాకులు అతుక్కున్నాయి. ఎదురుగా అవ్వ సుబ్బులు ఖాళీ చెంబు చంకలో పెట్టుకొని రెండు చేతులూ జోడించి నిలబడింది.

"తల్లీ అంకాలమ్మా! తప్పులుంటే కాయి తల్లీ! మా గడపలోకి వచ్చినావా!"

"అవ్వా, నీకేమన్నా మతి పోయిందా?" భవాని గొంతు చించుకుంది. "ఫిజిక్స్ చదువుకుంటుండా నేను!"

"పండుకోని చదువుతారంటే? కండ్లు మూసుకోని?"

"చదువుతారు!"

ఇంకో ఇంట్లో అయితే ఈ మాటకు నవ్వేవాళ్ళు. భవాని నాయన గురుస్వామి ఇంట్లో ఎవరూ నవ్వలేదు. వసారా నిండా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఒకామె చేతిలో నిమ్మకాయ. ఇంకొకామె కొంగులో కర్పూరం. తప్పిపోయిన పొట్టేలు ఎటు పోయిందో అడుగుదామని మూడో ఆమె అందరికంటే ముందొచ్చి చాప పక్కనే చోటు పట్టుకుంది.

"తల్లీ, మా పొట్టేలు..."

"నాకేం తెలుసత్తా నీ పొట్టేలు సంగతి! పోలీస్ స్టేషన్‌కు పో!"

"కోపంగా ఉండాది తల్లి," అంది ఆమె, పక్కామెతో, భక్తిగా.

వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం మీద పెదనాయన యల్లయ్య కూర్చొని ఉన్నాడు. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మంచమే. గురుస్వామి అన్న కాబట్టి వచ్చినప్పుడల్లా అది ఆయనది. ఆయన లేనప్పుడు గురుస్వామిది. ఆడవాళ్ళకు చాప. అంకాలమ్మ గుడి పూజ కూడా యల్లయ్యదే కాబట్టి ఆయన మాటకు ఇంట్లో ఒక బరువు, ఊళ్ళో ఇంకో బరువు.

"నేను చెప్పలా?" అన్నాడు యల్లయ్య. "వారం నుంచి చూస్తుండా. ఒళ్ళు కట్టెమాదిరి, పెదాలు మాత్రం కదుల్తుండాయి. ఇందాక ఆ నోట్లోంచి ఏం మాటొచ్చిందో ఇన్నారా? 'వ్యతిరేకిస్తుంది' అనింది. ఎవుర్ని వ్యతిరేకిస్తదంట తల్లి?"

"లెంజ్ నియమం పెదనాయనా! కరెంటు తనను పుట్టించిన మార్పునే వ్యతిరేకిస్తుంది. పాఠంలో ఉంది!"

"పాఠంలో మాటనే తల్లి తన మాటగా పలుకుతది. నీకేం తెలుసు, నీకు ఒంటి మీద తెలివి లేదు గదా."

ఇట్లాంటి మనిషితో ఏం మాట్లాడాలి? ఏ వైపు నుంచి తలుపు తోసినా ఆయన గుళ్ళోకే తెరుచుకుంటుంది.

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్, సప్లిమెంటరీ. పరీక్ష ఈ మధ్యాహ్నమే, గిద్దలూరులో. రాచర్ల మీదుగా పోయే ఆటో మిట్టమధ్యాహ్నం ఊళ్ళోంచి కదులుతుంది. అది తప్పితే ఈ ఎండలో ఇంకో బండి దొరకదు. ఇది పోతే ఏడాది పోతుంది. ఆడపిల్లకు ఏడాది పోవడం అంటే ఏమిటో ఈ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. రెండో ఏడాది ఎవరూ ఇవ్వరు.

యల్లయ్యకు కావలసింది కూడా ఆ మిట్టమధ్యాహ్నమే.

"ఈ పొద్దు మంగళవారం. గుడి కాడికి తీసకపోదాం. కొత్తగుడ్డ కట్టి పీట మీద కూచోబెడదాం. ఈ పిల్ల వాళ్ళమ్మ అలివేలు మీదికి రావడం మానినాక తల్లి మాటే లేదు మనకు. మందలో జీవాలు తల వాలుస్తుండాయి, మేత ముట్టడం లేదు. అడుగుదామంటే పలికే నోరు లేదు. ఇప్పుడు పిల్ల మీదికొచ్చింది. ఊరికి గణాచారి దొరికింది."

గణాచారి అంటే అమ్మోరు ఒంటి మీదికి వచ్చినప్పుడు ఊరికి జవాబు చెప్పే మనిషి. ఒకసారి ఆ పీట మీద కూర్చుంటే అమ్మోరు వదిలిందాకా లేవడం ఉండదు. మంగళవారం మంగళవారం రావాలి. జ్వరమొస్తే పలకాలి, గొర్రె తప్పిపోతే పలకాలి. గణాచారి పుస్తకాలు పట్టుకొని గిద్దలూరు ఆటో ఎక్కడం ఎవరూ చూడలేదు, చూడనివ్వరు.

"జీవాలకు రోగమొస్తే పశువుల డాక్టర్ను పిలవండి," అంది భవాని. "నన్ను పిలుస్తారేంది?"

"నాయనా, నువ్వు చెప్పు," అంది మళ్ళీ, దొడ్డి వైపు తిరిగి.

గురుస్వామి దొడ్డి గుంజకు ఆనుకొని, కర్ర గడ్డం కింద పెట్టుకొని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆయన నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పాడు.

"ఏం చెప్పాల? మార్చిలో రాసినావుగా. ఏమొచ్చింది?"

వసారాలో ఆడవాళ్ళందరూ భవాని వైపు తిరిగారు.

మార్చిలో ఏమొచ్చిందో చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఏమీ రాలేదు. ముందురోజు అడిగితే పుస్తకం మూసి అప్పజెప్పిన పిల్ల. పరీక్ష హాల్లో కాగితం చేతికి వచ్చేసరికి అక్షరాలు చీమలమాదిరి పాకాయి. అరచేతుల్లో చెమట. చెవుల్లో మాత్రం ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. "మొద్దుమొగం. దీనికి చదువేంది? మంద ఎనక తోలండి." అది గురుస్వామి గొంతు. చిన్నప్పటి నుంచి రోజూ వింటున్న గొంతు. మిగతాదంతా తెల్లగా అయిపోయింది.

ఫెయిలైంది పిల్ల అని ఊరంతా అన్నారు. ఆ గొంతుకు మార్కులు వేసేవాడు ఎవడూ లేడు.

"నీకెవురో మేడమ్ చెప్తుందంట గదా, ఎవురామె?" యల్లయ్య మీసం దువ్వాడు. "ఈ కండ్లు మూసుకునే ఇద్దె నేర్పింది?"

"రాధాకుమారి మేడమ్. ఫెయిలైన వాళ్ళకు సెలవుల్లో కూడా క్లాసులు చెప్తుంది. ఊరికే."

"చెయ్ ఫోను. అందరూ ఇనేటట్టు పెట్టు."

భవాని చేసింది. రెండో రింగుకే గొంతు పలికింది.

"భవానీ, బయల్దేరినావా?"

"నేను వాళ్ళ పెదనాయన్ని," అన్నాడు యల్లయ్య ఫోన్ లాక్కొని. "మా పిల్లకు ఏం నేర్పినావమ్మా నువ్వు?"

అటువైపు నుంచి జవాబు వెంటనే వచ్చింది.

"పడుకోవడం నేర్పినాను సార్."

వసారాలో ఆడవాళ్ళు మూతికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఏందీ? పండుకునేది నేర్పియ్యాల్నా? పుట్టినోళ్ళందరికీ వస్తది అది!"

"మీకొస్తది సార్. మీ ఇంట్లో ఆడపిల్లకు రాదు. ఎప్పుడు ఎవరు పిలుస్తారో, ఎప్పుడు ఎవరు తిడతారో అని ఒళ్ళంతా బిగబట్టుకోని బతుకుతుంది. అట్ల బిగబట్టిన తలలోకి చదువు పోదు. పోయినా బయటికి రాదు. కాలివేళ్ళ కాడ్నుంచి తల దాకా ఒక్కోచోటా వదులు చేసుకోమన్నా. ఊపిరి మెల్లగా తీసుకోమన్నా. చదివిన పాఠాన్ని లోపల చూసుకోమన్నా. హాల్లో కూర్చున్నట్టు, కాగితం తీసుకున్నట్టు, భయం లేకుండా రాస్తున్నట్టు చూసుకోమన్నా. చదవనిది కండ్లు మూసుకుంటే రాదు సార్. చదివింది మాత్రం లోపలి మనసు దాచిపెడుతుంది. భయం అడ్డం తీస్తే ఇస్తుంది. ఇందులో మంత్రం లేదు."

"లోపలి మనసా? ఆడే గదా అమ్మోరుండేది!"

"ఉండనీండి సార్. ఆమె ఫిజిక్స్ రాయదు. భవాని రాయాల. పిల్లను పంపించండి."

యల్లయ్య ఫోన్ కట్ చేసి చాప మీదికి విసిరాడు. "దేవుడు లేడనే రకం. గొంతులోనే తెలుస్తుండాది."

కంచె బయట ఎవరో కిసుక్కున నవ్వారు. స్టెల్లా. ఊరవతల పాలెం పిల్ల, భవాని క్లాసే, అదే సబ్జెక్టు పోయింది. చేతిలో అట్ట, పెన్నులు.

"భవానీ, ఆటో తోలే మస్తాను మా పాలెంలో బండి ఆపుకోని ఉండాడు. సరుకు దించినాక వస్తానన్నాడు. లోపలికి రావాల్నా?"

"ఆడ్నే నిలబడు పాప!" సుబ్బులు చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మోరొచ్చిన ఇల్లు."

అమ్మోరొచ్చినందుకట! అమ్మోరు రాని రోజు కూడా స్టెల్లా ఆ కంచె దగ్గరే నిలబడుతుంది. వాళ్ళమ్మ ఎలీషబా ఈ ఇంటి శనగచేలో కూలికొస్తుంది. ఆమె కోసిన శనగలు ఇంట్లోకి వస్తాయి, ఆమె రాదు. ఇప్పుడు ఒక సాకు దొరికింది, అంతే తేడా.

స్టెల్లాకు ఇదంతా అలవాటే. కంచె మీద మోచేతులు ఆనించింది.

"మా ఇంట్లో నేను గూడా కండ్లు మూసుకుంటానవ్వా. మా అమ్మేమో ప్రార్థన చేసుకుంటున్నా అనుకుంటది. టీవీ గూడా ఆపేస్తది. లేచినాక ఆమెన్ అంటది."

ఈసారి వసారాలో ఇద్దరు ముగ్గురు నిజంగానే నవ్వారు.

"నాకు యేసయ్య, దీనికి అంకాలమ్మ. పాపం మేడమ్ ఇద్దరికీ ఫిజిక్సే చెప్పింది."

"నోర్ముయ్!" యల్లయ్య మంచం మీద నుంచే గర్జించాడు. నవ్వు ఆగిపోయింది. స్టెల్లా మోచేతులు కంచె మీద నుంచి తీసింది. నవ్వించడానికి ఆమెకు ఎంత చోటుందో అంతే ఉంది.

భవాని లేచింది. తడిసిన ఓణీ పిండుకుంటూ తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"నాయనా, పొద్దున్నే జీవాల్ని ఇప్పుతావు. అవి మేసినాక ఏం చేస్తావు?"

గురుస్వామి దొడ్డి వైపు చూశాడు.

"చెప్పు నాయనా. నాకు తెలుసు, అయినా నువ్వు చెప్పు."

"నీడకు తోలతా."

"ఎందుకు?"

"నెమరేసుకోవాల గదా."

"నెమరేసుకునేటప్పుడు కర్రతో అదిలిస్తావా?"

"ఎవుడన్నా అదిలిస్తాడా?" అలవాటైన పని గురించి కాబట్టి జవాబు దానంతటదే వచ్చేసింది. "అదిలిస్తే మేసిందంతా దండగ. ఒంటికి పట్టదు."

"మరి నన్నెందుకు అదిలిస్తావు? నేను చదువుకొని కాసేపు పడుకుంటే 'లెయ్, దొడ్డి ఊడువు, లెయ్, నీళ్ళు తే, లెయ్ మొద్దుదానా' అంటావే. నాకు ఒంటికి పట్టొద్దా?"

గురుస్వామి మొహం నల్లబడింది. అన్న చూస్తున్నాడు. ఊరి ఆడవాళ్ళు చూస్తున్నారు.

"గొర్రెకూ నీకూ సాపత్యమా?"

"లేదు. గొర్రెకు నీడన్నా ఉండాది."

కర్ర లేచింది. అది దిగేలోపు తల్లి అలివేలమ్మ మధ్యలోకి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. ఈ ఇంట్లో ఆమె ఎప్పుడూ అట్లే, కావలసినప్పుడు కనబడుతుంది, మిగతా వేళల్లో గోడ. కూతురి రెక్క పట్టుకొని లోపలి గదిలోకి లాగి తలుపు మూసింది.

చీకటి గది. జొన్నల వాసన. అలివేలమ్మ పాత చీర పేలికతో కూతురి తల తుడవడం మొదలుపెట్టింది.  బయట నిప్పులు చెరిగే ఎండ, ఎండలో దొడ్డిలో జీవాల అరుపులు.

"ఒక మాట చెప్తా. అరవొద్దు," అంది అలివేలమ్మ తుడుస్తూనే.

"చెప్పు."

"నువ్వు బయటికి పొయ్యి జుట్టు ఇరబోసుకో. తల నాలుగుసార్లు ఊపు. 'నా బిడ్డను పరీక్షకు పంపండి' అను. అంతే. మీ పెదనాయనే కాళ్ళ మీద పడి ఆటో ఎక్కిస్తాడు."

భవాని తల గుంజుకుంది.

"నేననను."

"ఏమే, నోరు నీదే గదా. ఒక్క మాట."

"రేపు పాసైతే ఎవరు పాసైనట్టు? నేనా, అంకాలమ్మా?"

"ఎవురైతే ఏంది? పాసైతే చాలదా?"

"చాలదు!" అంది భవాని. "ఫెయిలైతే మొద్దుది భవాని. పాసైతే గొప్పది అమ్మోరు. ఇంక నాదంటూ ఏం మిగిలిందమ్మా? మేడమ్ ఏమంటుందో తెలుసా? లోపలి మనసుకు మంచీ చెడ్డా తెలియదంట. ఎవరు ఏం పోస్తే అదే నిజమనుకోని పట్టుకుంటదంట. ఇన్నేండ్లూ మీరు మొద్దు మొద్దు అని పోసినారు. ఇప్పుడిప్పుడే నేను కొంచెం కొంచెంగా తోడుకుంటుండా. ఇంత కష్టపడి తోడుకున్న తలకాయను తీసకపొయ్యి మళ్ళా ఇంకొకరి పేరు మీద రాయమంటావా?"

"నేను యానాడు అన్నాను మొద్దు అని?"

"అనలేదు. వాళ్ళంటుంటే పొయ్యి ఊదుకుంటా కూచున్నావు."

అలివేలమ్మ చేతిలో పేలిక ఆగింది.

భవాని మెల్లగా అడిగింది. "నువ్వట్లే చేసేదానివా? నీ మీదికి రావడమంతా... ఊరికే తల ఊపేదానివా?"

"తెలవదు."

"తెలవకపోవడమేంది?"

"తెలవదే. తిరనాళ్ళలో డప్పు మోగుతుంటే పాదాల్లోంచి ఏదో పైకెక్కేది. నేనే పిలుచుకున్నానో, ఆమే వచ్చిందో, యానాడూ తెలవలేదు. పలికేదాన్ని. పడిపోయేదాన్ని." ఆమె గొంతు తగ్గింది. "పడిపోయినాక ఎవురూ లేపేవాళ్ళు గాదు. మీ అవ్వే ఇసనకర్ర తెచ్చి ఇసిరేది. మీ నాయన పాదాల మీద నీళ్ళు పోసేటోడు. పొద్దు వాలేదాకా పండుకునేదాన్ని. పట్టపగలు, ఆకాశం కింద. మంగళవారమైతే పలికి, లేచి పనికి పోవాల. ఇట్ల పండుకునేది తిరనాళ్ళకే, సంవత్సరానికి ఒక్క పొద్దు."

భవాని తల్లి మొహం చూడాలని ప్రయత్నించింది. చీకట్లో కనబడలేదు.

"ఆ ఒక్క పొద్దు కోసం సంవత్సరమంతా కాచుకునేదాన్నే," అంది అలివేలమ్మ. "అమ్మోరి కోసం గాదు. ఆ పండుకోవడం కోసం."

మన ఇళ్ళల్లో ఇదొక చట్టం. మగవాడు పగలు నడుం వాలిస్తే అలుపు. ఆడది వాలిస్తే రోగమైనా ఉండాలి, దేవతైనా ఉండాలి. రెండూ లేకపోతే అది సోమరిపోతు. ఇంతమంది ఆడవాళ్ళ మీదికి దేవతలు ఎందుకొస్తారని ఆశ్చర్యపోయే పెద్దమనుషులారా, వాళ్ళను ఒక్క మధ్యాహ్నం పడుకోనిచ్చి చూడండి.

"మరి ఎందుకు మానుకున్నావు?"

"మీ పెదనాయన నా నోట్లో మాట పెట్టబోయినాడు. కుంట నీళ్ళు పాలెమోళ్ళు ముట్టుకున్నందుకే జీవాలకు రోగమని తల్లి చేత పలికించు అన్నాడు. తిరనాళ్ళ ముందు వచ్చి, ఆ మంచం మీదే కూచోని, మెల్లగా చెప్పినాడు. నాకు నోరు రాలేదు. ఎలీషబా నాతోపాటు కలుపు తీసే మనిషి. ఆ ఏడు డప్పు మోగింది. నాకు రాలేదు. మళ్ళా యానాడూ రాలేదు."

"ఇప్పుడు నా నోట్లో పెడతాడు ఆ మాట."

"పెడతాడు."

"నాయనకు తెలుసా?"

"మీ నాయనకు జీవాలు చచ్చిపోతాయన్న భయం తప్ప ఇంకేమీ తెలవదు."

భవాని గోడకు ఆనుకొని కూలబడింది. చేతులు ఒడిలో పెట్టుకొని రుద్దుకుంది. అరచేతుల్లో చెమట. మళ్ళీ అదే చెమట.

"అమ్మా, నాకు ఏమీ గుర్తు రావడం లేదు. అంతా బిగుసుకుపోయింది. పొద్దున్నే అన్నీ వచ్చినాయి. ఇప్పుడు ఆటో ఎక్కినా ఏం రాస్తాను?"

"మళ్ళా పండుకో మరి."

"యాడ? ఈ ఇంట్లో యాడ?"

అలివేలమ్మ పేలిక పక్కన పెట్టి కూతురి ఎదుట కూర్చుంది.  "ఎట్ల చేస్తారే అది? మీ మేడమ్ చెప్పేది."

"కాలివేళ్ళ కాడ మొదలుపెట్టాల. వదిలెయ్యాల, నావి కావు అన్నట్టు. తర్వాత మడమలు. తర్వాత పిక్కలు."

అలివేలమ్మ తన పాదాలు తడుముకుంది. మడమల్లో చిల్లర నాణెం దూరేటంత పగుళ్ళు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ కాళ్ళను వదిలెయ్యమని ఆమెతో అన్నవాళ్ళు లేరు.

తలుపు దబదబా మోగింది.

"ఎంతసేపు? పొద్దు నెత్తిమీదికొచ్చింది! పిల్లను తే బయటికి. గుడ్డ తెచ్చినా."

అలివేలమ్మ తలుపు తీసింది. యల్లయ్య పసుపు పూసిన కొత్తచీర చేతిలో వేలాడేసుకొని నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలా తల వంచి పక్కకు తప్పుకుంటుందని ఆయన ఒక అడుగు ముందుకే వేశాడు. ఆమె తప్పుకోలేదు. ఆయనే ఆ అడుగు వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది.

"పిల్ల పరీక్షకు పోతుంది బావా."

"తల్లి ఆజ్ఞ కాదని?"

"తల్లి ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్తుండావు."

యల్లయ్య ఈ మరదలి గొంతు ఇంతకాలంలో ఎన్నిసార్లు విన్నాడో ఆలోచించుకునేవాడిలా చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. "ఇదిరా నీ ఇంటి మర్యాద. జీవాలు రేపు కుప్పకూల్తే నా కాడికి రావొద్దు."

ఆ మాట సరిగ్గా తగిలింది. గురుస్వామి కర్ర పట్టుకొని వాకిలి దాటాడు. కంచె తడికను మూసి, దాని తాడు గుంజకు ఒక చుట్టు చుట్టి, కొస పిడికిట్లో పట్టుకొని నిలబడ్డాడు.

"ఎవురూ యాడికీ పోరు," అన్నాడు.

యల్లయ్య తృప్తిగా వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. చీర ఒళ్ళో పెట్టుకున్నాడు.

అలివేలమ్మ వసారా దిగింది. ఎండలో నడిచి వేపచెట్టు కిందికి వచ్చింది. ఆ ఇంట్లో బావ ఎదుట మరదలు కూర్చోదు. అన్నం పెట్టినా నిలబడే పెడుతుంది. అందుకే ఆమె మంచం దగ్గరికి వస్తుంటే నీళ్ళు కావాలా అని అడగడానికి అనుకున్నారు అందరూ.

"లెయ్ బావా," అంది.

"ఏందీ?"

"లెయ్. నేను పండుకోవాల."

వసారాలో ఎవరిదో గాజు గోడకు తగిలి మోగింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది. యల్లయ్య కాళ్ళు వాటంతటవే లేచాయి. బావ ఎదుట మరదలు కూర్చోవడం తప్పు, ఒకే మంచం మీద పక్కన కూర్చోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆ చట్టం రాసుకున్నది ఆయనే.

అలివేలమ్మ మంచం మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాళ్ళు పైకి తీసుకుంది. వెల్లకిలా పడుకుంది, పట్టపగలు, ఊరందరి ముందు.

"వచ్చింది!" సుబ్బులు కేకేసింది. "పాత గణాచారి మీదికే వచ్చింది! చెంబు తేండే, పసుపు తేండే!"

"అత్తా," అంది అలివేలమ్మ, కళ్ళు తెరవకుండానే. "నా మీద చుక్క నీళ్ళు పడినాయంటే ఊరుకునేది లేదు. ఏ అమ్మోరూ రాలేదు. జ్వరం గూడా లేదు. నేను అలివేలునే. పండుకున్నా."

సుబ్బులు చేతిలో చెంబు గాలిలోనే ఉండిపోయింది. ఎనభై ఏళ్ళ బతుకులో ఆమెకు ఇట్లాంటిది ఎదురుకాలేదు. దేవతకు ఏం చెయ్యాలో తెలుసు, రోగానికి ఏం చెయ్యాలో తెలుసు. ఊరికే పడుకున్న కోడలికి ఏం చెయ్యాలి?

"ఎంతసేపు పండుకుంటావు?" గురుస్వామి తడిక దగ్గర నుంచి అరిచాడు. "వంట ఎవురు జెయ్యాల? జీవాలకు నీళ్ళు ఎవురు తోడాల?"

"నా కూతురు రాసొచ్చిందాకా లెయ్యను. అది పోకపోతే రేపు గూడా లెయ్యను. నీళ్ళు గాబులో ఉండాయి. చేతులు నీకూ ఉండాయి."

"సిగ్గు లేదా నీకు!"

ఆమె తల నులక మీద సర్దుకుంది. చెప్పాల్సింది అయిపోయింది.

సందు మొగలో ఆటో హారన్ మోగింది. స్టెల్లా రోడ్డు మీదికి పరిగెత్తింది. భవాని చాప మీది అట్ట, పెన్నులు అందుకొని చెప్పులు కాళ్ళకు దూర్చింది. తడిసిన జుట్టు, ఓణీ మీద పసుపు మరకలు. మంచం పక్కన ఒక్క క్షణం ఆగి వంగింది.

"అమ్మా, దవడ బిగబట్టినావు. అదీ వదిలెయ్. కాలివేళ్ళ కాడ్నుంచి మొదలుపెట్టు. నేను పోతుండా."

ఆమె తడిక దగ్గరికి నడిచింది. తండ్రి కదల్లేదు. తాడు ఆయన పిడికిట్లో.

"గురూ!" యల్లయ్య గొంతు పగిలింది. "ఆ పిల్ల గడప దాటిందంటే నువ్వు నా తోడబుట్టినోడివి గాదు! ఊరంతా చూస్తుండాది! నీ పెండ్లాం నా మొగం మీద కాళ్ళు చాపుకోని..."

అప్పుడు వినబడింది ఆ చప్పుడు.

చిన్నది. లోతైనది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అందరూ మంచం వైపు చూశారు.

అలివేలమ్మ గురక పెడుతోంది.

నోరు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి మంచం పట్టె మీద నుంచి కిందికి జారింది. బిగబట్టుకొని ఉండే ఆ రెండు పాదాలూ చెరోవైపు వాలిపోయాయి. ఇంత రభసలో, ఈ అరుపుల మధ్య, ఆమె నిజంగానే నిద్రపోయింది. ఎన్నేళ్ళ నిద్రో అది, పడక దొరికీ దొరకగానే వచ్చి మీద పడింది.

గురుస్వామి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఈ మొహాన్ని పగటి వెలుతురులో నిద్రపోతుండగా చూసింది అమ్మోరొచ్చి పడిపోయినప్పుడే. అప్పుడు అది దేవత మొహం, దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఇది అలివేలు మొహం. కళ్ళ కింద నలుపు. ముక్కుపుడక పక్కన చిన్న మచ్చ. ఆ మచ్చ ఎప్పటి నుంచి ఉందో ఆయనకు తెలియదు.

"ఏందిరా చూస్తావు! లేపు దాన్ని!" యల్లయ్య అరిచాడు.

"నెమ్మదిగా మాట్లాడన్నా," అన్నాడు గురుస్వామి.

గుసగుసగా అన్నాడు. అన్నతో అట్లా అనడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే మొదటిసారి.  చీర యల్లయ్య చేతిలోంచి మట్టిలోకి జారింది.

"నాయనా, తడిక తియ్యి," అంది భవాని, తనూ అంత మెల్లగానే.

గురుస్వామి కూతురి వైపు చూశాడు. దొడ్డిలో ఒక గొర్రె మోకాళ్ళ మీద కూలబడిన చప్పుడైంది. ఆయన తల అటు తిరిగింది. మళ్ళీ మంచం వైపు తిరిగింది.

"భవానీ!" రోడ్డు మీద నుంచి స్టెల్లా కేక. "ఆటో కదుల్తుండాదే!"

తాడు ఇంకా గురుస్వామి పిడికిట్లోనే ఉంది. వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే వదులవుతున్నాయి.